నకలు ఆట, అసలు చరిత్ర

ఇటీవల మా శాఖ సమావేశంలో పాత వీడియో గేముల గురించి, వాటిని ఇంటర్నెట్‌లో భద్రపరచవలసిన అవసరం గురించి నేను మాట్లాడాను. ముగించగానే ఒక పెద్దాయన లేచి, "మిరప రైతు గిట్టుబాటు ధర లేక ఏడుస్తుంటే యీ పిల్లలాటల గోల మనకెందుకయ్యా?" అన్నారు. మరొక మిత్రుడు యింకా ముందుకు వెళ్లి, అవి సామ్రాజ్యవాదం మన పిల్లల మెదళ్లలోకి ఎక్కించిన మత్తుమందు అనీ, నశించిపోతే నష్టమేమీ లేదనీ అన్నారు. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. మొదటి ప్రశ్న ప్రాధాన్యాలకు సంబంధించినది; దానికి కథ, కవిత, నాటకం అన్నీ జవాబు చెప్పుకోవలసిందే. రెండో ప్రశ్న బరువైనది. ఒక కళారూపం మోసుకొచ్చిన భావజాలం చెడ్డదయినప్పుడు ఆ రూపాన్ని కాపాడటం ఎంతవరకు సబబు? విమర్శకుడు దీన్ని తప్పించుకోలేడు.

1

ముందు నా సంగతి చెప్పుకోవాలి. మాది వీరులపాడు. ఒకనాటి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. పత్తి, మిరప పండే నేల. 1990ల మధ్యలో నేను మొదటిసారి వీడియో గేమ్ చూసింది నందిగామలో, ఒక యిరుకు గదిలో. మూడు టీవీలు, మూడు పెట్టెలు, ఒక బల్ల. గంటకు యింత అని డబ్బులిచ్చి ఆడాలి. డబ్బుల్లేని వాళ్లం గుమ్మంలో నిలబడి చూసేవాళ్లం. గుమ్మంలో నిలబడ్డ వాళ్లమే ఎక్కువ. ఎవడెక్కడ తప్పు చేస్తున్నాడో, ఏ గోడ వెనుక నుంచి తూటా వస్తుందో ఆడేవాడికంటే మాకే బాగా తెలిసేది. ఆ గదిలో ఆడపిల్ల అడుగుపెట్టగా నేను ఏనాడూ చూడలేదు.

మేం ఆడిన యంత్రం పేరేమిటో మాకు తెలియదు. తరువాత ఎన్నో ఏళ్లకు తెలుసుకున్నాను: 1983లో జపాన్‌లో నింటెండో కంపెనీ విడుదల చేసిన ఫ్యామికాం యంత్రానికి అది నకలు. తైవాన్‌లో, చైనాలో యిలాంటి నకళ్లు లెక్కలేనన్ని తయారయ్యాయి. అసలు యంత్రంలోని చిప్పులన్నిటి పనినీ ఒక్క చిప్పులోకి కుదించి, దానిమీద నల్లటి జిగురుబొట్టు పెట్టి, చవకగా అమ్మారు. కాసెట్టు మీద "99,99,999 ఆటలు" అని వుండేది. పెట్టి చూస్తే పదో పదిహేనో వుండేవి. అదే ఆటను ఒకచోట మొదటి అంకం నుంచి, యింకోచోట మూడో అంకం నుంచి, మరోచోట ముప్ఫై లైఫులతో మొదలయ్యేటట్టు మార్చి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టేవాళ్లు. మేం వాటికి మా పేర్లు పెట్టుకున్నాం. బ్యాటిల్ సిటీ మాకు ట్యాంకుల ఆట. డక్ హంట్ బాతుల ఆట. ఒక్క కాంట్రాను మాత్రం కాంట్రా అనే అనేవాళ్లం.

2

ఆ కాంట్రాను కాస్త పరిశీలిద్దాం. 1987లో కొనామి కంపెనీ దీన్ని ఆర్కేడ్ యంత్రాలకు తయారు చేసింది. మరుసటి ఏడాది యింటి యంత్రాలకు వచ్చింది. ఆ పేరు ఎక్కడిది? 1979లో నికరాగువా ప్రజలు సొమోజా నియంతృత్వాన్ని కూల్చి శాండినిస్టాలను అధికారంలోకి తెచ్చారు. ఆ ప్రభుత్వాన్ని కూలదోయటానికి అమెరికా డబ్బూ ఆయుధాలూ యిచ్చి పోషించిన ముఠాల పేరు కాంట్రాలు. 1986లో అంతర్జాతీయ న్యాయస్థానం యీ విషయంలో అమెరికాను తప్పుపట్టింది. అదే ఏడాది, యిరాన్‌కు రహస్యంగా ఆయుధాలమ్మిన సొమ్ము కాంట్రాలకు మళ్లించిన కుంభకోణం బయటపడింది. ఆ మరుసటి ఏడాదే యీ ఆట వచ్చింది. ఆట ముగింపు సంగీతానికి పెట్టిన పేరు "శాండినిస్టా". యిది కాకతాళీయమని సరిపెట్టుకోవటం కష్టం.

కథ కూడా ఒక్కో మార్కెట్లో ఒక్కోలా వుంది. జపాన్ ప్రతిలో యిది 2633వ సంవత్సరంలో ఒక ద్వీపసమూహంలో జరిగే యుద్ధం. అమెరికాలో అమ్మిన ప్రతితోపాటు యిచ్చిన పుస్తకంలో అదే కథ వర్తమానంలోకి, దక్షిణ అమెరికా అడవుల్లోకి వచ్చింది. యూరప్‌లో మనుషుల బదులు మరమనుషులను పెట్టి పేరే మార్చేశారు. సరుకు ఒకటే, కొనేవాడిని బట్టి శత్రువు చిరునామా మారింది. యింతవరకు మా మిత్రుడి ఆరోపణ నూటికి నూరుపాళ్లూ నిజం. వీరులపాడు పిల్లలు ఒక కిరాయి హంతక ముఠా పేరును ముద్దుపేరులా పలికారు. నేనూ పలికాను.

అయితే విమర్శ యిక్కడ ఆగితే అది సగం విమర్శ. మా నకలు కాసెట్టుతో కథ చెప్పే పుస్తకమేదీ రాలేదు. వచ్చినా ఆ ఇంగ్లీషు మాకు అందేది కాదు. కథ మావరకు చేరనేలేదు. చేరింది ఆట రూపం. ఆ రూపం ఏం చెప్పింది?

మూడో అంకంలో ఒక జలపాతం వుంటుంది. యిద్దరు ఆటగాళ్లూ బండల మీదుగా పైకి ఎగబాకాలి. ముందున్నవాడు తొందరపడి ఎక్కితే తెర పైకి జరుగుతుంది. తెర కింది అంచు దాటిపోయినవాడు చస్తాడు. శత్రువు తూటా తగలనక్కర్లేదు, తోటివాడి తొందరే చాలు. ఒక వేసవిలో మా పెదనాన్న గారింట్లో ఒకరోజుకి సెట్టు అద్దెకు తెచ్చారు. మగపిల్లలందరూ ఆడి అలిసిపోయాక రాత్రి మా అక్క కూర్చుంది. ఆమె చేతికి రిమోట్ రావటం అదే మొదలు, అదే ఆఖరు. జలపాతం దగ్గర ఆమెను మూడుసార్లు చంపాను. "నువ్వు గెలవటానికి ఎక్కుతున్నావురా, నేను కూడా వున్నానని చూడవేం?" అంది. నాలుగోసారి ఆగాను. ఆమె నా బండ మీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడు ఎక్కాను. ఆ ఏడాదే ఆమె చదువు మానిపించారు. మరో ఏడాదికి పెళ్లి. ఆటలో ఆగటం నేర్చుకున్నవాణ్ణి, బతుకులో ఆమె కోసం ఒక్క మాట అడ్డం వేయలేదు. ఆ రూపం నేర్పిన పాఠానికి ఎంత బలం వుందో, ఎంత పరిమితి వుందో రెండూ అక్కడే తెలిశాయి.

కథలో సామ్రాజ్యవాదం, రూపంలో సాహచర్యం. ఈ వైరుధ్యం కాంట్రా సొంతం కాదు. రాజాస్థానాల్లో పుట్టిన కావ్యాల్లోనూ దాన్ని మనం చూస్తూనే వున్నాం. అందుకని ఆ కావ్యాలను తగలబెట్టమని ఏ ప్రగతిశీల విమర్శకుడూ అనలేదు. విమర్శించాలన్నా ప్రతి చేతిలో వుండాలి కదా!

3

ఆ ప్రతి యిప్పుడు ఎవరి చేతిలో వుంది? అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఆ దేశంలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం ఏ మార్కెట్లోనూ దొరకటం లేదు. కంపెనీ అమ్మదు, యింకొకరిని పంచనివ్వదు. కాపాడినవాళ్లు చాలామటుకు జీతం లేని అభిమానులు. 1997లో నికోలా సాల్మోరియా అనే ఇటలీ ప్రోగ్రామర్ ఆర్కేడ్ యంత్రాలను మామూలు కంప్యూటర్ మీద అనుకరించే మేమ్ అనే ప్రోగ్రాం మొదలుపెట్టాడు. ఆ పునాది మీదనే 2014లో ఇంటర్నెట్ ఆర్కైవ్ వందలాది ఆర్కేడ్ ఆటలను ఎవరైనా యింట్లో కూర్చుని ఆడుకునేలా పెట్టింది. కానీ పరిశోధకులకు గ్రంథాలయాలు దూరం నుంచి పాత ఆటలను అందించే వెసులుబాటు అడిగితే, 2024 అక్టోబరులో అమెరికా కాపీరైట్ కార్యాలయం కాదన్నది.

మన దేశంలో 1984 సవరణ నుంచీ కాపీరైట్ చట్టం కంప్యూటర్ ప్రోగ్రామును "సాహిత్య కృతి" కిందనే లెక్కగడుతోంది. చట్టం సాహిత్యమని ఒప్పుకున్నదాన్ని సాహిత్య సంఘం పిల్లలాట అని తోసేయటం విచిత్రం.

ఆ సాహిత్యానికి రచయితలెవరో కూడా చూడాలి. అటారీ కంపెనీ ఆట తయారు చేసినవాడి పేరు పెట్టెమీద వేయనిచ్చేది కాదు. అందుకే వారెన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ 1980లో అడ్వెంచర్ ఆట లోపల ఒక రహస్య గదిలో తన పేరు దాచాడు. కంటికి ఆనని చుక్కను మోసుకెళితేనే ఆ గది తెరుచుకుంటుంది. శ్రామికుడు తన సంతకాన్ని తన సరుకులోనే దొంగతనంగా పెట్టుకోవలసి వచ్చింది! మా నకలు కాసెట్లలో యింకో అడుగు ముందుకు వేసి కంపెనీ పేరు కూడా చెరిపేశారు. ప్రోగ్రామర్ పేరును కంపెనీ మింగితే, కంపెనీ పేరును దొంగ మింగాడు. మా దగ్గరికి వచ్చింది కర్త లేని కృతి.

కర్త లేని కృతి, నకళ్లుగా తిరిగే కృతి తెలుగువాడికి కొత్తా? వేమన స్వహస్తంతో రాసిన ప్రతి ఏదీ మనకు లేదు. వూరూరా రాసుకున్న నకళ్లను బ్రౌను పోగుచేయించి, పాఠాలు పోల్చి చూసి 1829లో అచ్చువేశాడు. పాఠభేదాలను తప్పులని పారేస్తే ప్రజలు ఆ పద్యాన్ని ఎట్లా పలికారో తెలిసేది కాదు. ముప్ఫై లైఫుల కాంట్రా కూడా ఒక పాఠభేదమే. కంపెనీ యీనాడు తిరిగి అమ్ముకునే పాత ఆటలో అది వుండదు. కొందరు అభిమానులు దొంగ ప్రతులను కూడా సేకరించి పెడుతున్నారు, వారికి వందనాలు. కానీ గుమ్మంలో నిలబడి చూసినవాళ్లు, ట్యాంకుల ఆట అన్న పేరు, గదిలోకి రాలేని ఆడపిల్ల—ఇవి ఆ ఫైల్లో వుండవు. అవి మనం రాయాలి.

కోడ్ ఒక్కటే చాలదనటానికి బాతుల ఆటే సాక్ష్యం. తుపాకీ నొక్కగానే తెర క్షణకాలం నల్లబడి, బాతు వున్నచోట తెల్ల గడి వెలుగుతుంది. ఆ వెలుగును తుపాకీ పట్టుకుంటుంది. పాత డబ్బా టీవీ వెలుగు వేగాన్ని నమ్ముకుని కట్టిన లెక్క అది. నేటి పలకల టీవీ మీద ఆ తుపాకీ పనిచేయదు. ఫైలు భద్రంగా వున్నా ఆట చచ్చిపోయింది. ఆడినవాళ్ల మాట కూడా పోతే ఇక మిగిలేది లేదు.

4

రెండేళ్ల కిందట నందిగామ వెళ్లి ఆ గది నడిపినాయన్ని వెతికి పట్టుకున్నాను. కాసెట్లు ఒక గోనెసంచిలో దాచి వుంచి, యిల్లు ఖాళీ చేసేటప్పుడు పాత సామాన్లవాడికి కిలోల లెక్కన వేశాడట. "నువ్వు నాలుగు నెలల ముందు రావాల్సింది బాబూ" అన్నాడు. అటక మీద మూడు మిగిలాయి. రెండు పలకలేదు. మూడోదాని జాబితా తెరను ఫొటో తీసి, లోపలి సమాచారాన్ని నకలు చేసి వుంచాను. ఆయనతో రెండు గంటలు మాట్లాడి రికార్డు చేశాను.

1921 నాటి భీష్మ ప్రతిజ్ఞ, 1932 నాటి భక్త ప్రహ్లాద యీనాడు చూద్దామన్నా ప్రింటు లేదు. సినిమా అప్పట్లో చవకబారు వినోదం. కాపాడాలని ఎవరికీ తోచలేదు. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పెట్టుకున్న గడ్డ యిది. మన శాఖలు చేయగలిగిన పని పెద్దదేమీ కాదు. వూళ్లో వీడియో గేమ్ షాపు నడిపినవాళ్లను, ఆడినవాళ్లను, ఆడనివ్వని వాళ్లను పలకరించి వారి మాటలు రాసి ఇంటర్నెట్‌లో పెట్టటం. అటకల మీది కాసెట్లను పాత సామాన్లవాడికంటే ముందు చేరుకోవటం. ఆ తరువాత ఆ ఆటలను ఎంత కఠినంగానైనా విమర్శించుకుందాం.

ఆ మూడో కాసెట్టులో కాంట్రా వుంది. పోయిన సంక్రాంతికి అక్క పుట్టింటికి వచ్చినప్పుడు చూపించాను. జలపాతం దగ్గర యీసారి ఆమే ముందు ఎక్కి, నా కోసం ఆగింది.