ఎవరి నీడకు ఎవరి ప్లాను?

నగరంలో నిలువనీడ లేనివాళ్ల గురించి మాట్లాడాల్సి వస్తే మన ఉదారవాదులకు రెండే మాటలు తెలుసు. ఒకటి జాలి, రెండోది సేవ. కులం అనే మూడో మాట వాళ్ల నోటికి రాదు. నగరపాలక సంస్థ డబ్బివ్వడం, స్వచ్ఛంద సంస్థ సర్వే చేసి ప్లాను వేయడం, ఆ ప్లాను ప్రకారం షెల్టరు నడపడం అనే ఈ పద్ధతిని మేం ఆ మూడో మాట దగ్గర నిలబెట్టి చూడదల్చుకున్నాం.

2009 డిసెంబరులో, చలి ముదిరిన రోజుల్లో, ఢిల్లీలో ఒక తాత్కాలిక బసను కూల్చేశారు. దాని మీద రేగిన గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒక షెల్టరు చొప్పున కట్టాలనీ, అవి ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ నడవాలనీ 2010లో ఆహారహక్కు కేసులో కోర్టు చెప్పింది. 2013లో జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్‌లో ఇది ఒక పథకంగా చేరింది. ఆ మిషన్ గడువు 2024 సెప్టెంబరుతో ముగిసింది. అది స్థిరపరచిన ఆలోచనాపద్ధతితోనే మా పేచీ.

షెల్టర్లు ఎవరు నడపొచ్చో ఆ పథకం మార్గదర్శకాల్లో ఒక జాబితా ఉంది. స్వచ్ఛంద సంస్థలతో పాటు నిరాశ్రయుల సొంత సంఘాల పేరు కూడా అందులో ఉంది. అది కాగితం మాట. హైదరాబాదులో ఆచరణలో షెల్టర్లు స్వచ్ఛంద సంస్థల చేతికే వెళ్లాయి. 2011 లెక్కల్లో నగర జనాభా 67 లక్షలు. లక్షకొకటి చొప్పున 67 షెల్టర్లు ఉండాలి. అందులో సగం కూడా ఏ ఏడాదీ లేవు. కట్టినవి తక్కువన్న సంగతి అందరూ ఒప్పుకునేదే. మేం అడిగేది వేరు. ప్లాను వేసే గదిలో ఎవరు కూర్చున్నారు?

2011 ఫిబ్రవరి 28న, ఒక్క రాత్రిలో, జనగణన సిబ్బంది ఇల్లు లేనివాళ్లను లెక్కపెట్టారు. దేశంలోని పట్టణాల్లో 9.38 లక్షల మంది తేలారు. ఒక్క రాత్రిలో దొరికినవాళ్లే లెక్క, దొరకనివాళ్లు లేనట్టే. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఐదు రాష్ట్రాల నగరాల్లో జరిపి 2019లో వెలువరించిన ఒక సర్వేలో, మాట్లాడినవాళ్లలో సగానికి పైగా ఎస్సీ, ఎస్టీలే. ఇది యాదృచ్ఛికం కాదు గదా! మిషన్ పత్రాల్లో ఎస్సీ, ఎస్టీ అనే మాటలు లేకపోలేదు. అయితే బలహీనవర్గాల వరసలో ఒక పేరుగా వస్తాయి తప్ప కారణంగా రావు. ఊళ్లో సెంటు భూమి దక్కనివ్వనిదీ, ఊరి బయట వాడ కట్టించిందీ, నగరానికొస్తే చీపురూ చెత్తసంచీ చేతికిచ్చిందీ ఒకటే కులవ్యవస్థ. వెలివాడకీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఉన్న ఈ దారి ప్లానులో ఎక్కడా కనబడదు.

కనబడకపోతే ఏమవుతుందో చూద్దాం. చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్లకి మంచం కంటే ముందు మూట పెట్టుకునే జాగా కావాలి. ఆ మూటే వాళ్ల రేపటి కూడు. దాన్ని మురికి అనుకునేవాళ్లు వేసే ప్లానులో దానికి చోటుండదు. మొగవాళ్లకొకటి, ఆడవాళ్లకొకటి అని షెల్టర్లు విడదీస్తే, మొగుడూ పెళ్లాం పిల్లలతో వచ్చిన కుటుంబం ఫుట్‌పాత్ మీదే ఉండిపోతుంది. ఇక కులం సర్టిఫికెట్టు సంగతి. చిరునామా చెప్పాలి, విచారణ జరగాలి, అప్పుడు తహశీల్దారు ఇస్తాడు. ఇల్లు లేనివాడికి ఆ చిరునామా ఎక్కడిది? ఇల్లు పోతే కులం పోదు, కులం కాయితం పోతుంది. అవమానం మిగులుతుంది, రిజర్వేషన్ మిగలదు.

సంస్థల్లో పనిచేసేవాళ్లు చెడ్డవాళ్లని మేం అనడం లేదు. రాత్రుళ్లు తిరిగి జబ్బుపడ్డవాళ్లను ఆసుపత్రికి చేర్చేది వాళ్లే. కానీ నిధులిచ్చే చేతిని కాదని మాట్లాడగల బలం వాళ్లకు ఎంతుంది? 2017 నవంబరులో అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు ముందు హైదరాబాదు పోలీసులు యాచనను నిషేధించి, రోడ్ల మీది మనుషుల్ని జైళ్ల ఆవరణల్లోని ఆశ్రమాలకు తరలించారు. నీడ ఇస్తామన్న రాజ్యమే అతిథులొస్తున్నారని మనుషుల్ని ఊడ్చింది. సేవ ఉన్నచోట హక్కు లేకపోతే జరిగేది ఇదే.

'తలదాచుకోడానికి వచ్చినవాణ్ణి కులం అడగడం అన్యాయం కాదా' అని కొందరు మిత్రులు అంటారు. ఆ ప్రశ్న న్యాయమైందే. కొలంబియాలో చదువుకుని వచ్చిన అంబేద్కర్ 1917లో బరోడాలో పార్సీల సత్రంలో ఉండటానికి పార్సీ పేరు పెట్టుకోవాల్సి వచ్చింది. గుట్టు తెలిశాక కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఇద్దరు మిత్రులూ చోటివ్వలేదు. పార్కులో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వెళ్లిపోయాడు. గుమ్మం దగ్గర కులం అడగడమంటే ఏమిటో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు? గుమ్మం దగ్గర అడగొద్దనే మేమూ అంటున్నాం. ప్లాను దగ్గర మాత్రం అడిగి తీరాలి. గుమ్మం దగ్గర అడిగేది తరిమేయడానికి, ప్లాను దగ్గర అడగనిది చూడకుండా ఉండటానికి. రెండింటి వెనకా ఉన్నది ఒకే మనసు.

2027 జనగణనలో అన్ని కులాలనూ లెక్కించాలని కేంద్రం 2025లో నిర్ణయించింది. ఇల్లున్నవాడి గడప దగ్గర అడిగినంత ఓపిగ్గా ఫ్లైఓవర్ కింద పడుకున్నవాణ్ణి కూడా ఆ ప్రశ్న అడగాలి. నగరాలు ప్లాను కోసం ఇచ్చే ప్రతి రూపాయి మీదా అక్కడ పడుకునేవాళ్ల సంఘం సంతకం ఉండాలి. సర్వే ఫారం వాళ్లతో కూర్చుని రాయాలి. షెల్టరు చిరునామా కులం సర్టిఫికెట్టుకి చెల్లాలి. ఇవి దయ చూపమని అడుగుతున్నవి కావు. ఈ నగరాన్ని తెల్లారకముందే ఊడ్చేవాళ్ల వాటా ఇది.