'ప్రేమోన్మాది' ఎవరు?

చెడు తలపుకి తెలుగులో మాటల కరువు లేదు. పగ, కక్ష, కుళ్ళు, కడుపుమంట, ఓర్వలేనితనం. అత్తల మీద, తోడికోడళ్ళ మీద, సవతుల మీద వీటిని ధారాళంగా వాడాం. 'గుండమ్మ కథ' (1962)లో గుండమ్మ వేషం వేసిన సూర్యకాంతం పేరే గయ్యాళికి మారుపేరైపోయింది.

మరి కాదన్న అమ్మాయి మీద యాసిడ్ పోసినవాణ్ణి మన పత్రికలు ఏమంటున్నాయి? 'ప్రేమోన్మాది'. ప్రేమ అనగానే నేరం మెత్తబడుతుంది. ఉన్మాదం అనగానే బాధ్యత జారిపోతుంది. 2008లో వరంగల్‌లో ఇద్దరు విద్యార్థినుల మీద జరిగిన దాడిని గుర్తు తెచ్చుకోండి. యాసిడ్ సంపాదించాలి, దారి కాయాలి, ముఖానికి గురి చూడాలి. ఇదంతా పిచ్చి చేసే పనా?

2013లో శిక్షాస్మృతిలో చేర్చిన 326ఎ సెక్షన్ (2024 నుంచి న్యాయసంహితలో 124) చూసేది ఉద్దేశాన్ని, ఫలితం తెలిసే చేశాడా అన్నదాన్ని. అందులో ప్రేమ ఊసే లేదు.

ఈ మాటని నేనూ ఆలోచించకుండా రాశాను. ఆడవాళ్ళ కోసం దాచిపెట్టుకున్న 'కక్ష' అనే మాట వాడికీ సరిపోతుంది. ముందు మన రాతల్లోంచి ఆ 'ప్రేమ'ని కొట్టేద్దాం.