బడిగంట తరువాతి చదువు

ధవళేశ్వరం ఆనకట్ట దాటి, బొబ్బర్లంక మీదుగా కాలువ గట్టు వెంట కోనసీమలోకి దిగివచ్చే బాటసారికి ఆత్రేయపురం పూతరేకుల ఊరుగానే ముందు పరిచయమవుతుంది. ఆ కీర్తి న్యాయమైనదే. తరతరాలుగా ఈ ఊరి ఆడపడుచుల చేతివేళ్ళలో నిలిచిన ఆ నేర్పుకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కడం మనందరికీ గర్వకారణం. ఈ ఊరి ఉన్నత పాఠశాల విద్యార్థి సంఘాలవారు తాము రాసినవీ, అడిగి తెలుసుకున్నవీ, ఆడి చూపినవీ ఒకచోట కూర్చి, ముందుమాటగా నాలుగు వాక్యాలు రాయవలసిందని తమ ఉపాధ్యాయుల ద్వారా కోరినప్పుడు, వయసురీత్యా సంక్రమించిన ఆ గౌరవాన్ని సంతోషంగా స్వీకరించాను. పిల్లల పుస్తకం కదా అని పైపైన తిరగవేసి, అక్షింతలు వేసి ఊరుకోదగిన గ్రంథం కాదిది. దీని వెనుక గోదావరీ తీరానికి చెందిన ఒక వంశచరిత్ర ఉంది. ముందుగా దానిని చదువరికి విన్నవించి, ఆ పిమ్మటనే ఈ చిరంజీవుల కృషిని గురించి ముచ్చటిస్తాను.

తెలుగునాట ఆధునిక రంగస్థలానికి తొలి దీపం పట్టినవారిలో విద్యార్థులున్నారు. ధార్వాడ నాటక సమాజం రాజమహేంద్రవరంలో ప్రదర్శనలిచ్చి వెళ్ళిన పిమ్మట, అక్కడ తెలుగు పండితులుగా ఉన్న కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ శిష్యులనే ఒక సమాజంగా కూర్చి, తాము రచించిన ‘వ్యవహార ధర్మబోధిని’ని 1880లో వారిచేత ఆడించారు. ప్లీడర్ల మాయోపాయాలను బయటపెట్టిన ఆ రచన ఏ పరీక్షకూ పాఠ్యాంశం కాదు. ఆ వేషాలకు మార్కులు వేసినవారూ లేరు. మరుసటి ఏడు డిసెంబరులో పంతులుగారు తొలి వితంతు వివాహం జరిపించిన వేళ, ఊరిలో ఎందరో ముఖం చాటువేయగా, ఆయనకు అండగా నిలిచినవారిలోనూ విద్యార్థులున్నారు. గురుశిష్యుల నడుమ తరగతిగది వెలుపల ఏర్పడే అనుబంధం ఎంతటి భారాన్ని మోయగలదో తెలియగోరేవారికి ఈ రెండు సంవత్సరాల చరిత్ర చాలును.

అటు తరువాత పదేళ్ళు తిరగకుండానే అదే పట్టణంలో మరొక గురువు కనిపిస్తారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు ఒంగోలులో తమ వద్ద చదువుకున్న ఒక పేద బాలుణ్ణి వెంటబెట్టుకుని రాజమహేంద్రవరం వచ్చి, కన్నబిడ్డవలె చూసుకుని చదివించారు. ఆయన నడిపిన నాటక సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నాటకాలు రాయగా, ఆ బాలుడు వాటిలో వేషాలు కట్టాడు. ఆ బాలుడే టంగుటూరి ప్రకాశం. 1928లో మద్రాసు వీధిలో తుపాకులకు ఎదురు నిలిచిన ధైర్యాన్ని ఆయనకు నాటకమే నేర్పిందని నేను సిద్ధాంతీకరించబోను. అయినా నలుగురి ఎదుట గొంతు విప్పడమనే విద్య ఆయనకు ఆ వేదికల మీదనే అలవడిందని నమ్మడానికి నాకు సంకోచం లేదు. ఆ తరువాతి తరంలో అక్కడి కళాశాలకు అధ్యక్షులై వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు దామెర్ల రామారావు, అడవి బాపిరాజు, కవికొండల వెంకటరావు వంటి యువకులను చేరదీసి, వారిలోని చిత్రకారుణ్ణీ కవినీ పేరుపెట్టి పిలిచి మేల్కొలిపాడు. ముప్పై ఏళ్ళైనా నిండకుండా 1925లో కన్నుమూసిన దామెర్ల చిత్రాలను ఈనాటికీ రాజమహేంద్రవరంలో ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో దర్శించవచ్చు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ‘బాల’ పత్రికను స్థాపించి పిల్లల రచనలకు పీట వేయడం ఈ పరంపరకే కొనసాగింపు. ఎన్.సి.సి., హరిత దళాలు ప్రభుత్వపక్షాన ఆ తరువాత వచ్చినవి. వాటి ప్రయోజనం అందరూ ఎరిగినదే గనుక విస్తరించను.

ఇక ప్రస్తుత గ్రంథం. ఇందులో నన్ను మొదట ఆపి చదివించినది లొల్ల లాకులను గురించిన వ్యాసం. 1847లో మొదలై 1852లో ముగిసిన కాటన్ దొర ఆనకట్ట నుండి మధ్య డెల్టాకు బయలుదేరిన నీరు ఆత్రేయపురం పొరుగునే ఉన్న లొల్ల దగ్గర శాఖలుగా చీలి కోనసీమ పొలాలకు చేరుతుంది. ఆ దారినే రోజూ బడికి వచ్చే పిల్లలకు లాకు కంటికి అలవాటైన కట్టడం. అయినప్పటికీ విజ్ఞానశాస్త్ర సంఘంలోని పిల్లలు ఒకనాడు అక్కడ నిలబడి, ఎగువన ఎత్తుగా ఉన్న నీటినుండి దిగువనున్న కాలువలోకి పడవ ఎలా దిగేదని ప్రశ్నించుకున్నారు. రెండు తలుపుల నడుమ గదిలోకి పడవను రానిచ్చి, వెనుక తలుపు మూసి, చిన్న తూముల గుండా నీటిని మెల్లగా వదిలి, లోపలి మట్టమూ దిగువ మట్టమూ సమానమైన పిమ్మట ముందు తలుపు తెరుస్తారనే సంగతిని వారు పెద్దలను అడిగి తెలుసుకున్నారు; అట్టముక్కలతో నమూనా కట్టి, మొదటిది నీటికి నాని కూలిపోగా, రేకుడబ్బాతో మరొకటి కట్టారు. ఆ కూలిపోయిన నమూనా బొమ్మను కూడా పుస్తకంలో ముద్రించిన వారి నిజాయితీకి నా ప్రత్యేక అభినందన.

పూతరేకులను గురించి బాలికలు రాసిన పుటలు మరొక రకమైనవి. నానబెట్టి రుబ్బిన బియ్యపు పలుచని జారు, పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద ఎండుటాకుల మంట, జారులో ముంచి కుండ మీద పరచి లాగే తెల్లగుడ్డ, గుడ్డ తొలగీ తొలగకముందే పొరగా లేచే రేకు – ఇదంతా అతిథులు చూసి అబ్బురపడే దృశ్యమే. ఈ పిల్లలు మాత్రం అంతటితో ఆగక, తమ తల్లులను, పిన్నమ్మలను కూర్చోబెట్టి అడగవలసినవి అడిగారు. మంట హెచ్చితే ఏమవుతుంది, తగ్గితే ఏమవుతుంది, పొగకు కళ్ళు ఏమవుతాయి, ఏ వయసులో ఈ పని పట్టుబడింది, నేర్పినవారెవరు. ఇంట్లో నిత్యం కనబడే పనిని శాస్త్రంగా, శ్రమగా, వారసత్వంగా గుర్తించి కాగితం మీద పెట్టడం పండితులకే అరుదుగా అబ్బే చూపు. ర్యాలి జగన్మోహినీ కేశవస్వామిని గురించిన చిన్న వ్యాసంలోనూ ఆ చూపు ఉంది: ముందువైపు కేశవుడు, వెనుకవైపు మోహిని అయిన ఆ ఏకశిలను వర్ణించబోయి మాటలు చాలక, రెండు వైపులా రెండు బొమ్మలు గీసి పెట్టారు. మాటలకన్న బొమ్మలే బాగున్నాయి.

రచనలకంటే నేను ఎక్కువసేపు చూసినవి పుస్తకం చివర అచ్చువేసిన సమావేశ వివరాలు. తొమ్మిదో తరగతి బాలిక కార్యదర్శిగా గుండ్రని దస్తూరితో రాసిన ఆ పుటలలో, నాటకం సాధనకు ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో, రంగుకాగితాలకు పోగుచేసిన సొమ్ములో ఎంత మిగిలిందో, ఆ మిగిలినది ఎవరి దగ్గర ఉందో స్పష్టంగా ఉంది. ఒకచోట ఇద్దరు సభ్యులు ఒకే వేషం కోరగా ఓటు పెట్టారు. ఓడిన పిల్లవాడు తెర లాగే పని తీసుకున్నాడు. ఎవరూ చెప్పకనే పౌరధర్మం ఇక్కడ అభ్యాసమైంది. ఈ పిల్లలను నడిపిన ఉపాధ్యాయులు తమ పేర్లు ఎక్కడా వేసుకోలేదు. బడి వదిలిన పిమ్మట ఇంటి పనులు మానుకుని వారు వెచ్చించిన కాలాన్ని ఏ జీతపు పట్టికా లెక్కించదు గనుక, ఇక్కడ నేను వారికి నమస్కరిస్తున్నాను.

ఒక మాట పెద్దరికంతో చెప్పక తప్పదు. పదో తరగతి సమీపించగానే, ప్రత్యేక తరగతుల పేరుతో ఈ సంఘాలను మూసివేయడం మన పాఠశాలల్లో వాడుకైంది. తల్లిదండ్రుల ఆందోళనను నేను తేలికగా చూడను. మార్కులతోనే ముందు చదువులు ముడిపడి ఉన్న కాలమిది. అయినా వారానికొక గంట నాటకానికో, చెట్లకో, గోడపత్రికకో ఇవ్వలేనంత ఇరుకైనది చదువు కాకూడదు. అదేవిధంగా ప్రతి సంఘాన్నీ బహుమతుల పోటీగా మార్చడం కూడా నాకు సమ్మతం కాదు. బహుమతి రాని పిల్లవాడు మరుసటి ఏడు రాడు. ఈ పాఠశాలలో వేషం రానివాడికి తెర తాడు దక్కింది. ఆ పద్ధతి నిలవాలని నా కోరిక.

రాబోయే సంపుటికి ఒక పని అప్పగించి సెలవు తీసుకుంటాను. ఎదురు ప్రవాహంలో గట్టు మీద నడిచి తాడుతో పడవలు లాగినవారూ, లాకుల దగ్గర తమ వంతు కోసం పడవలోనే వండుకుని తిన్నవారూ లంకలలో, గట్టు ఊళ్ళలో కొందరు ఇంకా ఉన్నారు. పడవ భాగాల పేర్లు, గాలివాటపు మాటలు, లాగుడు పాటలు వారి నోట ఉన్నాయి, నిఘంటువుల్లో అన్నీ లేవు. వేసవి సెలవులకు ముందే ఇద్దరిద్దరు చొప్పున వెళ్ళి, వారు పలికినది పలికినట్టే రాసుకుని, ఎవరు చెప్పారో, ఏ ఊరో, ఏ తేదీనో పక్కన వేసి, ఒక ప్రతిని ఊరి గ్రంథాలయంలో ఉంచండి.