బరువు కింద ఖాళీ

రోమ్ నగరంలో పియాజ్జా నవోనా అనే పొడవాటి చౌక్ నడిమధ్యన ఒక రాతిగుట్ట ఉంది. దాని నెత్తిన 16.5 మీటర్ల ఈజిప్టు గ్రానైట్ స్తంభం నిలబడి ఉంది. అంత బరువు మోసే గుట్ట నిండుగా, గట్టిగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. దగ్గరికి వెళ్లి చూస్తే అది బోలు. నాలుగు వైపుల నుంచీ తొలిచేశారు. ఇటు నిలబడితే గుట్ట కడుపులోంచి అవతలి వెలుతురూ, అక్కడ తిరిగే మనుషులూ కనిపిస్తారు. స్తంభం సరిగ్గా ఆ ఖాళీ మీదే ఉంది. జాన్ లొరెంజో బెర్నీని 1648-1651 మధ్య తీర్చిన నాలుగు నదుల ఫౌంటెన్ ఇది. దీని విగ్రహాలను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసినవే. కానీ నా మటుకు ఈ పనిలో అసలు ప్రతిభ రాయిని ఎక్కడ ఉంచాలో తేల్చడంలో కాదు, ఎక్కడ తీసేయాలో తేల్చడంలో ఉంది.

ఈ పని బెర్నీని చేతికి దక్కడమే కష్టమైంది. ఆయన్ని నెత్తిన పెట్టుకున్న పోప్ ఎనిమిదో అర్బన్ 1644లో చనిపోయాడు. తర్వాత వచ్చిన పదో ఇన్నొసెంట్‌కు పాత పోప్ మనుషులంటే గిట్టదు. దానికి తోడు సెయింట్ పీటర్స్ చర్చికి బెర్నీని కడుతున్న గంటగోపురం వల్ల ముందుగోడ బీటలు వారింది. 1646లో గోపురాన్ని కూల్చేయమన్నారు. ఒక వాస్తుశిల్పికి అంతకు మించిన తలవంపు ఉండదు. పియాజ్జా నవోనాలో పాంఫీలీ వంశం భవనం ఉంది. ఇన్నొసెంట్ ఆ వంశం వాడే. తన ఇంటి ముందు గొప్ప ఫౌంటెన్ ఉండాలనుకుని, నీళ్లు తెచ్చే బాధ్యత బెర్నీని ప్రత్యర్థి బొరొమీనికి అప్పగించాడు. నాలుగు నదులన్న ఆలోచన కూడా మొదట బొరొమీనిదే. బెర్నీనిని ఎవరూ పిలవలేదు. పోప్ సోదరుడి కూతురి భర్త నికొలో లుడొవీసి బెర్నీని చేత ఒక నమూనా చేయించి, పోప్ నడిచే దారిలో కంటపడేలా పెట్టించాడని ఆనాటి జీవితచరిత్రకారులు రాశారు. చూసిన పోప్ మనసు మార్చుకున్నాడు. ఆలోచన బొరొమీనిదన్న మాటను మనం మరిచిపోకూడదు. అయితే నాలుగు నదులను స్తంభం అడుగున కూర్చోబెట్టడం వేరు, ఆ అడుగునే లేకుండా చేయడం వేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. దీని ఖర్చు కోసం రొట్టె మీద పన్ను వేశారు. కరువు రోజులవి. తిండి అడిగితే రాళ్లు ఇస్తున్నారని జనం గోడల మీద వెక్కిరింత పద్యాలు అంటించారు. ఎంత మెచ్చుకున్నా ఆ కోపం న్యాయమైనదే.

ఇక పనితనం. మూడు రకాల రాళ్లు, మూడు రకాల చెయ్యి. స్తంభానిది నునుపైన గ్రానైట్, అంచులు కత్తిరించినట్టు ఉంటాయి. నదీదేవతలది పాలరాయి, కండరాలు, నరాలు, తడిసిన గడ్డాలు తెలిసేలా చెక్కారు. వీటి మధ్య ఉన్న గుట్ట ట్రావర్టైన్. టివోలి దగ్గర దొరికే ఈ సున్నపురాయి ఒళ్లంతా చిల్లులు. రోమ్‌లో దీన్ని చదును చేసి గోడలకూ మెట్లకూ వాడతారు. బెర్నీని దాన్ని చదును చేయించలేదు. బండలు విరిగిపడినట్టూ, నీళ్లు కోసినట్టూ, పగుళ్లలో గడ్డీ తీగలూ మొలిచినట్టూ చెక్కించాడు. మనిషి చెయ్యి పడని రాయిలా కనిపించడానికి అంగుళం అంగుళం ఉలి ఆడించవలసి వచ్చింది. ఆ రాతిగుట్టనూ, గుర్రాన్నీ, సింహాన్నీ, ఈతచెట్టు లాంటి తాళవృక్షాన్నీ బెర్నీని స్వయంగా చెక్కాడని చెబుతారు. మనుషుల విగ్రహాలను సహాయకులకు ఇచ్చి, రాళ్లనూ జంతువులనూ తాను ఉంచుకోవడం నాకు చాలా విలువైన విషయంగా తోస్తుంది. గుట్ట కుదిరితేనే మిగతాదంతా నిలబడుతుందని ఆయనకు తెలుసు.

బరువు లెక్క ఇలా ఉంటుంది. కింద అండాకారపు తొట్టి. దాని మధ్య నుంచి నాలుగు మూలల్లో నాలుగు రాతి కాళ్లు లేచి, పైకి పోయే కొద్దీ లోపలికి వంగి కమానులా కలుస్తాయి. స్తంభం బరువు ఆ కాళ్లలోకి పంచుకుని దిగుతుంది. నాలుగు నదులూ ఆ కాళ్ల మీదే కూర్చున్నాయి. అందుకే అవి అలంకారాలుగా అతికించినట్టు ఉండవు. కానీ కమానుల క్రమం ఎక్కడా కంటికి దొరకనివ్వలేదు. చూసేవాడికి అది అడ్డదిడ్డంగా పడిన బండల గుహ. లెక్కంతా ఆ గరుకుదనం వెనక దాగి ఉంది. ఒకసారి స్తంభం ఊగుతోందన్న పుకారు పుట్టి జనం గుమిగూడితే, బెర్నీని వచ్చి గంభీరంగా పరీక్షించి, నాలుగు సన్నని తాళ్లతో స్తంభాన్ని చుట్టుపక్కల ఇళ్ల గోడలకు కట్టించి, నిశ్చింతగా వెళ్లిపోయాడని ఒక కథ ఉంది. నిజమైనా కాకపోయినా, ఈ కట్టడం జనానికి పుట్టించిన భయం మాత్రం ఆ కథలో ఉంది.

స్తంభం సంగతి మరీ విచిత్రం. రోమ్ చక్రవర్తి డొమీషియన్ దాన్ని ఈజిప్టు రాతితో చేయించాడు. తర్వాత అది ఊరి బయట ఆపియన్ రహదారి పక్కన మాక్సెన్షియస్ చక్రవర్తి పందెపు మైదానానికి చేరి, అక్కడే విరిగి ముక్కలై పడిపోయింది. ఇన్నొసెంట్ వాటిని తెప్పించాడు, అతికించి 1649లో నిలబెట్టారు. దాని మీది బొమ్మల లిపిని చదివానని అథనేషియస్ కిర్షర్ అనే పండితుడు 1650లో ఒక పుస్తకమే రాశాడు. ఆ చదువు తప్పని 1822లో ఫ్రెంచ్ పండితుడు షాంపోలియన్ ఆ లిపి గుట్టు విప్పాక తేలింది. అందులో ఉన్నది డొమీషియన్ స్తుతి. పియాజ్జా నవోనా పొడవుగా, ఒక కొస గుండ్రంగా ఉండటానికి కారణం అది ఒకప్పటి డొమీషియన్ పరుగు పందేల స్టేడియం కావడం. అంటే ఎవరూ అనుకోకుండానే ఆ స్తంభం తనను చేయించినవాడి చోటికే చేరింది.

నీళ్ల గురించి. ఇక్కడికి వచ్చేవి ఆక్వా వెర్జినె నీళ్లు. క్రీస్తుపూర్వం 19లో రోమన్ సేనాని అగ్రిప్ప తెప్పించిన కాలువ అది. దాని ఒత్తిడి తక్కువ, నీళ్లు ఎత్తుకు ఎగరవు. ఈ లోటును బెర్నీని దాచుకోలేదు, దాని చుట్టూనే ఆలోచించాడు. ఎత్తు కావాలంటే స్తంభం ఉంది. నీళ్ల పని బండల సందుల్లోంచి ఊరడం, పలకల మీద జారడం, తొట్టిలోకి పొర్లడం. చిమ్మే నీళ్లు లేకపోవడం వల్లే ఇది ఊటబావిలా, కొండ నుంచి పుట్టిన జలంలా అనిపిస్తుంది.

నదుల్లో డాన్యూబ్‌ను అంతోనియో రజ్జి, నైలును జాకొమో అంతోనియో ఫంచెల్లి, దక్షిణ అమెరికా ప్లాటాను ఫ్రంచెస్కో బరట్టా, గంగను క్లాడ్ పూసాఁ చెక్కారు. నైలు ముఖం మీద బట్ట కప్పి ఉంటుంది, అప్పటికి యూరప్‌కు దాని పుట్టుక తెలియదు గనుక. ప్లాటా పక్కన వెండి నాణేలు. డాన్యూబ్ చెయ్యి పోప్ వంశచిహ్నం వైపు చాచి ఉంటుంది. మన గంగ మాత్రం గడ్డం పెంచిన మగవాడు, చేతిలో పొడవాటి తెడ్డు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల ద్వారబంధాల అడుగున మకరం మీద నిలిచిన గంగమ్మను చూసిన కళ్లకు ఇది మొదట మింగుడు పడదు. గ్రీకు, రోమన్ శిల్పంలో నది అంటే ఒరిగి కూర్చున్న వృద్ధుడు, బెర్నీని ఆ సంప్రదాయాన్నే పట్టుకున్నాడు. తెడ్డుకు అర్థం ఆ నది మీద చాలా దూరం పడవలు నడుస్తాయని. గంగను చూడని వాళ్లు గంగను ఊహించారు, ఆ ఊహలో మన పవిత్రత లేదు, ప్రయాణం ఉంది. తక్కిన మూడు నదులు ఉలిక్కిపడుతూ, చేతులు చాస్తూ ఉంటే గంగ ఒక్కటే తొణకకుండా కూర్చుంటుంది. చెక్కినవాడి ఉద్దేశం ఏదైనా, నాకు మాత్రం ఆ తొణకనితనం గంగకు తగినదిగానే కనిపిస్తుంది.

ప్లాటా చెయ్యెత్తింది ఎదురుగా ఉన్న బొరొమీని సాంత్ ఆన్యేసె చర్చి తన మీద పడుతుందన్న భయంతోనని గైడ్లు చెబుతుంటారు. ఫౌంటెన్ 1651 జూన్‌లో తెరిచారు. చర్చి పని మొదలైంది 1652లో. ఆ కథను ఇక వదిలేయాలి.

గుట్ట కింద గుర్రం, సింహం ఉన్నాయి. సింహం నీళ్ల వైపు వంగి తాగుతోంది, దాని వెనక భాగం మాత్రం గుహ అవతలి వైపు తిరిగితే గానీ దొరకదు. ఒక చోట నిలబడి ఈ ఫౌంటెన్‌ను పూర్తిగా చూడటం కుదరదు, చుట్టూ నడవాలి. అడుగు కదిపితే ఒక నది తప్పుకుని ఇంకో నది వస్తుంది, గుహలో వెలుతురు మారుతుంది, జంతువు తల పోయి తోక వస్తుంది.

సుమారు 80 ఏళ్ల తర్వాత, 1732లో, నికొలా సాల్వి ఇవే ఆక్వా వెర్జినె నీళ్లకు త్రేవి ఫౌంటెన్ మొదలుపెట్టాడు. బండల మీంచి దూకే నీళ్లూ, రాతిలో చెక్కిన మొక్కలూ అక్కడా ఉన్నాయి. వాటి మూలం పియాజ్జా నవోనాలోదే. త్రేవి ఇంతకంటే పెద్దది, పేరూ ఎక్కువ. కానీ అది ఒక భవనం గోడకు వీపు ఆనించి ఉంది, ముందు నుంచి మాత్రమే చూడాలి. నాలుగు నదుల ఫౌంటెన్‌కు ఆనుకోవడానికి గోడ లేదు, దానికి వీపే లేదు.