రంగు లేని ఎంజైము ఎలా దొరికింది?

సైనైడ్ సోకితే జంతువు శ్వాస ఆగిపోతుంది. మైటోకాండ్రియాలో ఆక్సిజన్‌ను నీరుగా మార్చే సైటోక్రోమ్ ఆక్సిడేజ్ పని మానేయడమే కారణం. చాలా మొక్కల్లో మాత్రం సైనైడ్ పోసినా శ్వాస కొంత మరో దారిలో సాగుతూనే ఉంటుంది. మన కంద, చేమల కుటుంబానికే చెందిన సారోమాటమ్, ఆరమ్ మొక్కల పూగుత్తులైతే ఈ రెండో దారిలోనే వేడెక్కి, ఆ వేడితో వాసనలు వెదజల్లి కీటకాలను రప్పిస్తాయి. ఈ పని ఆల్టర్నేటివ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముదని ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో ఉంది. దశాబ్దాల పాటు అది ఊహకు పెట్టిన పేరు మాత్రమే. ఆ ఊహను చేతికందే పదార్థంగా తేల్చింది ప్రోటీన్ శుద్ధి. జన్యువుల యుగంలోనూ ఆ విద్యకు సాటి లేదు.

సైటోక్రోమ్‌లకు రంగుంది, వాటి జాడ స్పెక్ట్రోఫోటోమీటర్ పట్టిస్తుంది. ఈ ఎంజైముకు అలాంటి రంగు లేదు, పనిని బట్టే పోల్చుకోవాలి. అందుకే సందేహాలు పుట్టాయి. ఖర్చవుతున్న ఆక్సిజన్ మైటోకాండ్రియాతో పాటు కలిసి వచ్చిన లైపాక్సిజనేజ్ అనే వేరే ఎంజైము పనేమో అన్నారు కొందరు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు వాదనతో రాదు, కల్తీని తొలగించి చూపాలి.

తొలగించే తీరు ఇది. మెత్తని కణజాలాన్ని మంచుచల్లని మానిటాల్ ద్రావణంలో నూరుతారు. పగిలిన కణాల ఫినాల్‌లు ప్రోటీన్లను పాడుచేయకుండా సిస్టీన్, కొవ్వు ఆమ్లాలను పట్టి ఉంచడానికి ఆల్బుమిన్ కలుపుతారు. పల్చటి గుడ్డలో వడకట్టి, మొదట నెమ్మదిగా, తరువాత వేగంగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే మైటోకాండ్రియా అడుగున చేరతాయి. పెర్కాల్ అనే ద్రవపు పొరల్లో మళ్లీ తిప్పి మిగిలిన కల్తీ తీసేస్తారు. ఆపైన డిటర్జెంట్‌తో మైటోకాండ్రియా పొర నుంచి ఎంజైమును విడదీసి కాలమ్‌లో నడిపిస్తారు. ప్రతి మెట్టులోనూ ఆక్సిజన్ ఎలక్ట్రోడ్ సాక్షి: ఎలక్ట్రాన్లు అందించే క్వినాల్ ఇస్తే ఆక్సిజన్ తగ్గాలి, సైనైడ్‌కు ఆగకూడదు, ఈ ఎంజైమును అడ్డుకునే సాలిసిల్‌హైడ్రాక్సామిక్ ఆమ్లం వేయగానే ఆగాలి. మిల్లీగ్రాము ప్రోటీన్‌కు ఎంత పని జరుగుతోందో ఆ అంకె మెట్టుమెట్టుకూ పెరిగితేనే శుద్ధి జరిగినట్టు. 1987లో ఎల్తన్, మెకింటోష్ అనే శాస్త్రవేత్తలు సారోమాటమ్ నుంచి ఇలాగే సుమారు 36 కిలోడాల్టన్ల ప్రోటీన్‌ను గుర్తించి, దానికి యాంటీబాడీలు తయారు చేశారు. ఆ యాంటీబాడీలే 1991లో జన్యువును పట్టిచ్చాయి.

జన్యువు దొరికాక పూలు నూరడం దేనికి, బాక్టీరియాలోనే ఎంజైమును తయారు చేయవచ్చు కదా అంటారు. చేయవచ్చు, మేలే. అయితే అక్కడ తయారైనదాన్ని కూడా శుద్ధి చేయక తప్పదు. పైగా మొక్కలో ఈ ఎంజైము జంటగా ఉంటుందని, ఆ జంటను కలిపే సల్ఫర్ బంధం తెగితే చురుకుదనం పెరుగుతుందని, పైరువేట్ దాన్ని ఉత్తేజపరుస్తుందని 1993లో తెలిసింది మొక్కల మైటోకాండ్రియాతో చేసిన ప్రయోగాల వల్లే. జన్యువు వరుసను చదివినంత మాత్రాన ఇవేవీ తేలవు. పొర నుంచి వేరుచేసిన ఎంజైము సహజంగా ప్రవర్తించదన్న అభ్యంతరంలోనూ నిజముంది. కనుకనే పొరలో ఉన్నప్పుడూ, వేరయ్యాకా రెండు చోట్లా కొలిచి పోల్చాలి.

శుద్ధి పాత పద్ధతి కాదు, రుజువు పద్ధతి. మన విశ్వవిద్యాలయాల జీవరసాయన విభాగాలు ప్రోటీన్ శుద్ధి ప్రాక్టికల్‌ను పాఠ్యప్రణాళికలో నిలుపుకోవాలి.