పేర్లతో కట్టిన దేహం

అమెరికా హైస్కూళ్లలో హెల్త్ సైన్స్ అని ఒక చదువుల వరుస ఉంటుంది. రేపు డాక్టర్లో నర్సులో ల్యాబ్ టెక్నీషియన్లో కావాలనుకునే పిల్లలు చిన్న వయసులోనే అందులో చేరతారు. టెక్సస్‌లో అయితే మెడికల్ టెర్మినాలజీకి విడిగా ఒక క్లాసే ఉంది. 1976లో మొదలైన హోసా అనే విద్యార్థుల సంఘం ఈ ఒక్క విషయం మీద పోటీ పరీక్ష కూడా పెడుతుంది. తెలియనివాళ్లకు ఇది ఉత్త బట్టీ చదువు. కార్డుకు ఒక పక్క మాట ముక్క, రెండో పక్క దాని అర్థం. తిప్పడం, చెప్పడం, మళ్లీ తిప్పడం. అలాంటి కార్డుల కట్ట ఒకటి నా చేతికొస్తే కావ్యం చదివినట్టు చదివాను. చదివేకొద్దీ అది కావ్యమేనన్న నమ్మకం బలపడింది.

కట్ట మా అన్నయ్య కూతురిది. డాలస్ దగ్గర పదో తరగతి. కార్డులన్నీ సొంత చేతిరాత. మాట మొదట వచ్చే ముక్కలకు ఆకుపచ్చ సిరా, అవయవాల పేర్లకు నలుపు, చివర వచ్చేవాటికి ఎరుపు. బాగా నలిగిన కార్డులు ఎముకలవి. ముందు వాటిలోకే వెళ్దాం, ఎందుకంటే ఈ విద్యలోని అందం అక్కడ చేతికి తగులుతుంది.

ముంగాలి పెద్ద ఎముక టిబియా. లాటిన్‌లో అది పిల్లనగ్రోవి. దాని పక్కనే సన్నగా నిలబడే ఫిబ్యులా, రోమన్లు బట్ట జారకుండా భుజం దగ్గర గుచ్చుకునే పిన్ను. రెండు ఎముకలనూ పక్కపక్కన పెట్టి చూస్తే పిన్నూ దాని కడ్డీ కళ్లకు కడతాయి. మోకాటి చిప్ప పటెల్లా, అంటే చిన్న పళ్లెం. కటి ఎముకల గూడు పెల్విస్, అంటే పెద్ద గిన్నె. ఆ గిన్నె పక్కన తొడ ఎముక గుండు వచ్చి కూర్చునే గుంట పేరు అసిటాబులమ్: రోమన్ల భోజనాల బల్ల మీద పుల్లటి వెనిగర్ పోసి పెట్టే చిన్న గిన్నె. వెన్నెముక కొస కాక్సిక్స్, కోకిల జాతి పక్షి ముక్కు. చెవి లోపల చుట్టలు తిరిగిన కాక్లియా, నత్త గుల్ల.

దేహాన్ని మొదట తెరిచి చూసినవాళ్లు తాము చూసినదానికి పోలిక కోసం ఆకాశం వైపు చూడలేదు. ఇంట్లో ఏ వస్తువు రోజూ చేతుల్లో ఆడుతుందో, పెరట్లో ఏ ప్రాణి తిరుగుతుందో దాన్నే తెచ్చారు. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమని చెప్పిన ఔచిత్యం ఇదే. ఉపమానం తెలిసినదై ఉండాలి, ఉపమేయానికి సరిగ్గా అతకాలి. అసిటాబులమ్‌ను ఒకసారి అస్థిపంజరం బొమ్మలో చూశాక ఆ గుంటకు ఇంకో పేరు పెట్టబుద్ధి కాదు.

కొన్నిచోట్ల పేరు పెట్టినవాడి తడబాటు కూడా మనకు దక్కింది. జ్ఞాపకాలకు సంబంధించిన మెదడు భాగాన్ని 1587లో బొలోన్యా శాస్త్రజ్ఞుడు అరాన్జీ వర్ణించాడు. అది సముద్రపు గుర్రంలా ఉందా, తెల్లటి పట్టుపురుగులా ఉందా అని ఊగిసలాడాడు. సముద్రపు గుర్రమే గెలిచింది, హిప్పోక్యాంపస్ అయింది. అంతకు ముందు 1543లో బాసెల్‌లో అచ్చయిన వెసాలియస్ శరీరశాస్త్ర మహాగ్రంథంలో గుండె ఎడమ కవాటానికి బిషప్పుల టోపీతో పోలిక ఉంది. రెండు రేకులుగా పైకి లేచే ఆ టోపీ పేరు మైటర్, అందుకే అది మైట్రల్ వాల్వ్. ముద్దుగా పేర్లు పెట్టుకుంటూ పోతే చివరికి ఒకే నరానికి పది పేర్లయ్యాయి. 19వ శతాబ్దం చివరికి దేహభాగాలకు సుమారు 50,000 పేర్లు వాడుకలో ఉండేవంటారు. 1895లో అదే బాసెల్ నగరంలో శరీరశాస్త్రజ్ఞులు సమావేశమై చాలా భాగాన్ని ఏరి పక్కన పెట్టారు. సంకలనకర్తల పనంటే ఇదీ. ఎంతో ఏరేసినా, పిల్లనగ్రోవినీ నత్త గుల్లనూ మాత్రం పోనివ్వలేదు.

ఇక వ్యాకరణం. మన బడుల్లో సంధులు చదువుకున్నవాళ్లకు ఇక్కడ ఒళ్లు పులకరిస్తుంది. గ్యాస్ట్ర్ అంటే జీర్ణాశయం. ఐటిస్ అంటే వాపు. రెండూ కలిస్తే గ్యాస్ట్రైటిస్. వాపు బదులు చూడటం, అంటే స్కోపీ, వచ్చి చేరితే మాత్రం గ్యాస్ట్రోస్కోపీ. మధ్యలో ఒక ఓకారం వచ్చి కూర్చుంది. క్లాసులో నేర్పే సూత్రం చాలా చిన్నది. తర్వాతి ప్రత్యయం హల్లుతో మొదలైతే ఓకారం నిలుస్తుంది, అచ్చుతో మొదలైతే జారిపోతుంది. వాడు, ఇక్కడ కలిసి వాడిక్కడ అయినప్పుడు మన ఉకారం చేసే పని కూడా ఇదే కదా. అయితే ఒక మినహాయింపుంది, నాకు సూత్రం కంటే అదే ఎక్కువ ఇష్టం. రెండు అవయవాల పేర్లు పక్కపక్కన వస్తే, రెండోది అచ్చుతో మొదలైనా సరే, ఓకారం కదలదు. గ్యాస్ట్రోఎంటరైటిస్ అనాలి. జీర్ణాశయానికీ పేగుకూ మధ్య ఆ ఒక్క అచ్చు సరిహద్దు రాయిలా నిలబడి ఉంటుంది, ఏది ఎక్కడ ముగిసిందో చెవికి తెలిసేట్టు.

సమాసాలు ఇంకా గొప్పవి. ఈసోఫాగోగ్యాస్ట్రోడ్యుయోడెనోస్కోపీ. మొదటిసారి చూసినవాళ్లు ఇదేం మాటరా బాబూ అంటారు. మా అమ్మాయి దాన్ని నాలుగు ముక్కలు చేసి, బల్ల మీద నాలుగు కార్డులు పరిచింది. అన్నవాహిక, జీర్ణాశయం, డ్యుయోడెనమ్ అనే చిన్న పేగు మొదలు, చివర చూడటం. క్లాసులో విగ్రహవాక్యం వెనక నుంచి చెప్పిస్తారు: చూడటం, దేన్ని చూడటం, ఏ దారిలో చూడటం. ఇప్పుడు ఆ మాటను మెల్లిగా పలికి చూడండి. కెమెరా గొట్టం నోట్లోంచి దిగి ఏ వరుసలో ఏ అవయవం దాటుతుందో, నాలుక కూడా అదే వరుసలో అవే పేర్లు దాటుతుంది. శబ్దమూ అర్థమూ ఒకే దారిన నడవడం కవులు జీవితమంతా కోరుకునే సంగతి, ఇక్కడ ఆస్పత్రి బిల్లు మీద అచ్చవుతోంది. ఆ డ్యుయోడెనమ్ కూడా లెక్క కట్టి పెట్టిన పేరు. పన్నెండు వేళ్ల వెడల్పంత పొడవు అని అలెగ్జాండ్రియాలో హిరోఫిలస్ కొలిచి చెప్పిన మాటకు లాటిన్ రూపం. మన కొలతలో మూడు బెత్తెలు.

ఎర్ర సిరా కార్డులు చిన్నవే, వాటి పదును వేరు. పెద్దపేగునే తీసుకోండి. టమీ చేరితే కోత పెట్టడం. స్టమీ చేరితే పేగును పొట్ట మీదకు తెచ్చి దారి తెరవడం. స్టోమా అంటే నోరు, దేహానికి కొత్తగా ఒక నోరు ఇచ్చారన్నమాట. ఎక్టమీ చేరితే కోసి తీసేయడం. చివరి రెండక్షరాల మీద ఒక మనిషి బతుకు తీరే మారిపోతుంది. హెమరేజ్, డయేరియా రాసేటప్పుడు రెండు ఆర్‌లూ ఒక హెచ్చూ పిల్లల్ని ఏడిపిస్తాయి. ఒకదానిలో పగిలి చిమ్మడం, ఇంకోదానిలో ఆగకుండా పారడం. ఆ రకారాల వరుసలో ప్రవాహపు చప్పుడు నాకు వినిపిస్తుంది.

ఒక సాయంత్రం అమ్మాయి కార్డులు తిప్పుతూ ఆగింది.

"బాబాయ్, ఆస్టియో అంటే ఎముక. తాతయ్యవి గోదావరిలో కలిపినప్పుడు అస్థికలు అన్నారు కదా, అదీ ఇదీ ఒకటేనా?"

ఒకటే. అక్కడి నుంచి మేమిద్దరం కట్టంతా కొత్తగా చదివాం. ఓడోంటో, దంతం. పోడో, పాదం. కార్డియో, హృదయం. స్ప్లీన్, ప్లీహం. గోళ్లకు ఆనికో, అది మన నఖం. కాలేయానికి హెపాటో, పైకి ఏ పోలికా లేదు గానీ సంస్కృతంలో యకృత్తు దాని తోబుట్టువే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పాడు. తెలుగు ఆ కుటుంబం కాదు. ఎముక, పన్ను, గోరు, గుండె అని తన మాటలు తనకున్నాయి, పక్కనే సంస్కృతం మాటల్నీ ఇంట్లో పెట్టుకుంది. అందుకే టెక్సస్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లకు ఈ క్లాసులో సగం మాటలు చుట్టాలు. మనవాళ్ల ఇళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పరు, సంస్కృతం శ్లోకాలకే అనుకుంటారు. శ్లోకంలోని పాదమూ పోడియాట్రిస్టు బోర్డు మీది పోడో ఒకే పాదమని తెలిసిన పిల్ల రెండింటినీ ఇంకాస్త ప్రేమగా పలుకుతుంది.

అసలు ఆశ్చర్యం రక్తసంబంధం లేనిచోట ఉంది. కంటి నడుమ నల్లటి గుండ్రానికి ఇంగ్లిష్‌లో ప్యూపిల్. అది లాటిన్ ప్యూపిల్లా, చిన్నపిల్ల, చిన్న బొమ్మ. గ్రీకులోనూ దానికి అమ్మాయి అన్న మాటే వాడారు. మనం కంటిపాప అంటాం. ఎదుటివాళ్ల కంట్లోకి దగ్గరగా చూస్తే అక్కడ చిట్టి మనిషి కనిపిస్తుంది, చూస్తున్నది మనమే. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేని ఉపమ ఇది. ఒకరి మొహంలో ఒకరు మొహం పెట్టి చూసుకునే తల్లీబిడ్డలు ఎక్కడున్నా అక్కడ పుడుతుంది.

తప్పులు కూడా ఈ కావ్యంలో భాగమే, వాటిని దిద్దకుండా ఉంచడం నాకు చాలా నచ్చింది. ఆర్టరీ అన్న పేరులో గాలి ఉంది. చనిపోయినవాళ్ల దేహంలో ఆ గొట్టాలు ఖాళీగా కనిపించేసరికి వాటిలో గాలి పోతుందని కొందరు గ్రీకులు అనుకున్నారు. వాటిలో ఉన్నది రక్తమేనని రెండో శతాబ్దంలో గాలెన్ చూపించాడు, పేరు మారలేదు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడుగాలి. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు, 1902లో నోబెల్ అందుకున్నాడు. గాలి నిర్దోషి అని తేల్చింది మన బేగంపేట దగ్గరే. అయినా జ్వరం పేరులో ఆ చెడుగాలి ఇంకా వీస్తూనే ఉంది. ఏదో తెలుసుకోవాలని మనుషులు ఎంత దూరం తప్పుదారిలో నడిచారో ఆ పేరు దాచకుండా చెబుతుంది. ఆ నిజాయితీ ముందు చేతులెత్తి మొక్కుతాను.

డయాబిటిస్ మెల్లిటస్‌లో మెల్లిటస్ తేనె. ఆయుర్వేదం మధుమేహం అన్నది, అక్కడా తేనే. ఇప్పుడు మన ఊళ్లలో అందరూ షుగర్ అంటున్నారు. మూడు పేర్లలోనూ నాలుక మీద అదే తీపి.

నాకు రుచించనివి మనుషుల పేర్లు తగిలించిన జబ్బులు. పార్కిన్సన్, క్రోన్, ఆడిసన్. వాళ్ల కృషికి నమస్కారం, అది వేరే సంగతి. పేరుగా చూస్తే అందులో ఏమీ కనిపించదు, విప్పడానికి ముక్కలుండవు. విద్యార్థికి నిజంగా బట్టీయే మిగిలేది ఇక్కడ. ఆలోచించే పిల్లకు తెలియని మాటను కూడా విప్పుకునే ధైర్యం ఇవ్వడమే ఈ విద్య గొప్పతనమైతే, ఆ పేర్లు తలుపు మూసేస్తాయి.

కట్ట మొత్తంలో నా ఓటు ఆర్థోప్నియాకు. ఆర్థో, నిటారు. ప్నియా, ఊపిరి. నిటారుగా ఉంటేనే ఊపిరి ఆడే స్థితి. గుండె బలహీనపడ్డ మనిషి వెల్లకిలా పడుకుంటే కాళ్లలోని రక్తం వెనక్కి మళ్లి ఊపిరితిత్తుల మీద భారం పెంచుతుంది, గుండె దాన్ని తోడలేకపోతుంది. లేచి కూర్చుంటే కాస్త తెరిపి. డాక్టర్లు దీన్ని దిండ్లతో కొలుస్తారు: రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటే నిద్ర పడుతోంది? కేసు షీటులో టూ పిల్లో ఆర్థోప్నియా అని రాస్తారు. రెండు ధాతువులు కలిసి ఒక ఇంటి రాత్రంతా చూపిస్తున్నాయి. మంచం తలవైపు ఎత్తుగా పేర్చిన దిండ్లు, గోడకు జారగిలబడి తెల్లవారేదాకా కూర్చున్న పెద్దాయన, పక్క గదిలో ఆ దగ్గు వింటూ మేలుకున్న ఇల్లాలు. మాటలో వాళ్లెవరూ లేరు. ఆనందవర్ధనుడు చెప్పిన ధ్వనికి ఇంతకంటే ఉదాహరణ కావాలా? పదిహేనేళ్ల పిల్లలు ఈ మాట నేర్చుకుంటున్నారంటే ఆ రాత్రిని నేర్చుకుంటున్నారు. ఎప్పుడో ఒకనాడు ఎవరినో అడగాల్సిన సరైన ప్రశ్న కూడా దానితోపాటే నేర్చుకుంటున్నారు.

అమ్మాయి ఒప్పుకోలేదు. ఆర్థోప్నియా బాగుంది గానీ దిగులుగా ఉందట. తన ఓటు సార్టోరియస్‌కట. లాటిన్‌లో సార్టర్ అంటే దర్జీ. పాతకాలపు దర్జీలు కాళ్లు మడిచి నేల మీద కూర్చుని కుట్టేవాళ్లు, అలా కాలు మడవడానికి సాయపడే కండరానికి వాళ్ల పేరే పెట్టారు. "నానమ్మ ఇంట్లో బాసింపట్టు వేసుకుని అన్నం తింటాం కదా బాబాయ్, అప్పుడు పనిచేసేది ఇదే" అని కార్డు పక్కన పెట్టి, నేల మీద కాళ్లు మడిచి కూర్చుంది. తుంటి ముందు వైపు వేలు పెట్టి, తొడ మీదుగా ఏటవాలుగా దించుతూ, మోకాలి లోపలి పక్కకు తెచ్చి ఆపింది. దేహంలో అన్నిటికంటే పొడవైన కండరం అదే.