పుటలు లేని పుస్తకం

సొంతంగా పుస్తకం వేసుకోవడం తెలుగు రచయితకు కొత్త కాదు. 1874లో ‘వివేకవర్ధని’ మొదలుపెట్టిన వీరేశలింగం పంతులుగారు రాజమండ్రిలో అచ్చుకూటమే పెట్టుకున్నారు. ఇవాళ్టికీ ఏ కవితా సంపుటి అయినా తీసి లోపలి పేజీలు తిప్పండి. ‘ప్రతులకు’ అన్న మాట కింద విశాలాంధ్ర, నవోదయ లాంటి పుస్తకాల షాపుల పేర్లతో పాటు రచయిత ఇంటి చిరునామా, ఫోన్ నంబరు ఉంటాయి. ప్రచురణ సంస్థ అని వేసినచోట తరచు ఆయన తల్లి పేరో కూతురి పేరో కనబడుతుంది. ఐదొందల ప్రతులు వేయించి, సగం మిత్రులకు పంచి, మిగిలినవి అట్టపెట్టెల్లో మంచం కిందికి జరిపిన ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో ఏ ఊళ్లో లేవు? ఇందులో చిన్నతనం ఏమీ లేదు. తెలుగు కవిత్వం, కథ చాలావరకు ఇలా సొంత డబ్బు పెట్టుకున్నవాళ్ల వల్లే నిలబడ్డాయి.

కాకపోతే ఒక పనిని మాత్రం ఎప్పుడూ ఇంకొకరి చేతిలో పెట్టేవాళ్లం. అది డీటీపీ. రాతప్రతి ఇస్తే అను ఫాంట్లలో కొట్టి, పేజ్‌మేకర్‌లో పేజీలు కట్టి, ప్రూఫులు తీసి ఇచ్చే మనిషి ఒకరుండేవారు. అక్షరం ఎంత ఉండాలి, మార్జిన్ ఎంత వదలాలి, కథ పేరు పేజీలో ఎక్కడ రావాలి, అన్నీ ఆయనే చూసుకునేవారు. మనం ప్రూఫులు దిద్ది ఇచ్చి వచ్చేవాళ్లం. ఈ-బుక్ వచ్చాక ఆ పని కూడా రచయిత బల్ల మీదికి చేరింది. నేను కథలు రాసేవాణ్ణి, కోడింగ్ తెలియదు. అయినా ఈ పని నేర్చుకున్నాను, ఇష్టంగా చేస్తున్నాను. రాయడం వచ్చిన ఎవరికైనా ఇది పట్టుబడుతుందని నా నమ్మకం.

ముందుగా మనసులోంచి తీసేయాల్సింది పేజీ. ఈ-పుస్తకాలకు ప్రపంచమంతా వాడే ఈపబ్ అనే ఫార్మాట్ 2007లో ప్రమాణంగా స్థిరపడింది. అలాంటి ఫైలు ఒకటి కాపీ తీసి, పేరు చివర ఈపబ్ అని ఉన్నచోట జిప్ అని మార్చి తెరిచి చూడండి. లోపల కథకొకటి చొప్పున వెబ్ పేజీల్లాంటి ఫైళ్లు, కవరు బొమ్మ, ఏది ఎలా కనబడాలో చెప్పే చిన్న ఫైలు, దేని తర్వాత ఏది రావాలో చెప్పే జాబితా ఉంటాయి. పుట అన్నది ఎక్కడా ఉండదు. చదివేవారి ఫోన్ ఎంత వెడల్పుంది, అక్షరాన్ని వాళ్లు ఎంత పెద్దది చేసుకున్నారు అన్నదాన్ని బట్టి అప్పటికప్పుడు తయారవుతుంది. కంటి శుక్లాల ఆపరేషన్ అయిన తాతగారు తెరకు పది వరుసలు కూడా పట్టనంత లావు అక్షరాలతో చదువుకోవచ్చు. అదే కథను డాలస్‌లో ఉన్న మనవరాలు రాత్రిపూట నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో చదువుకోవచ్చు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది ఒకే ఫైలు.

అందుకే పీడీఎఫ్‌ను ఈ-బుక్ అనడం నాకు మింగుడు పడదు. అచ్చుకు పంపిన డెమ్మీ సైజు పేజీల్ని అలాగే పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పంపడం మన దగ్గర బాగా అలవాటైంది. ఫోన్‌లో అది తెరిస్తే వరుస పట్టదు. వేళ్లతో పెద్దది చేసి, ప్రతి వరుసకూ కుడికీ ఎడమకీ జరుపుకుంటూ చదవాలి. నాలుగు పేజీలయ్యేసరికి ఓపిక అయిపోతుంది. మనం ఏళ్ల తరబడి కూర్చుని రాసింది ఆ నాలుగు పేజీల దగ్గర ఆగిపోకూడదు.

పేజీని పాఠకుడికి వదిలేశాక మనకు మిగిలే పని ఒక్కటే, ఏది ఏమిటో చెప్పడం. వంటింట్లో డబ్బాలకు చీటీలు అంటించడం లాంటి పని ఇది. ఇది కథ పేరు, ఇది పేరా, ఇది ఉత్తరం, ఇది పద్యం. మామూలుగా మనం కథ పేరును ఎంచుకుని బోల్డ్ చేసి, సైజు పెంచి, మధ్యకు జరుపుతాం. పేరా మొదట్లో స్పేస్ బార్ నాలుగుసార్లు కొడతాం. కొత్త కథ కొత్త పేజీలో రావడానికి ఎంటర్ కొడుతూ పోతాం. కాగితం మీద అది బాగానే కనబడుతుంది. ఈ-బుక్‌లో మాత్రం ఆ ఎంటర్లన్నీ ఖాళీ తెరలవుతాయి, స్పేసులు ఒక్కో ఫోన్‌లో ఒక్కోలా తేలతాయి, కథ పేరు కథ పేరని సాఫ్ట్‌వేర్‌కు తెలియనే తెలియదు. వర్డ్‌లో గానీ లిబ్రెఆఫీస్‌లో గానీ ‘స్టైల్స్’ అన్న పెట్టె ఒకటుంటుంది. కథ పేరు మీద కర్సర్ పెట్టి అందులో ‘హెడింగ్ 1’ నొక్కితే దానికి చీటీ అంటించినట్టే. విషయసూచిక దానంతటదే తయారవుతుంది, వేలితో తాకితే ఆ కథకు తీసుకెళ్తుంది. పేరా మొదట ఎంత జాగా ఉండాలో కూడా స్టైల్‌లో ఒక్కసారి చెబితే పుస్తకమంతా పాటిస్తుంది.

ఫైలు నాలుగైదు కంప్యూటర్లు తిరిగి, ఇన్నేళ్ల దిద్దుబాట్లతో చిక్కులు పడి ఉంటే? స్మాష్‌వర్డ్స్ అనే ఈ-బుక్ సంస్థను 2008లో మొదలుపెట్టిన మార్క్ కోకర్ తన స్టైల్ గైడులో ఒక మందు చెప్పారు. మొత్తం తీసి నోట్‌ప్యాడ్‌లో పెట్టేయడం. అక్షరాలు తప్ప మిగిలిన సమస్తం రాలిపోతుంది. అక్కడి నుంచి కొత్త డాక్యుమెంట్‌లోకి తెచ్చుకుని మొదటి నుంచి స్టైల్స్ ఇచ్చుకోవాలి. ఆయన దీనికి ‘న్యూక్లియర్ మెథడ్’ అని పేరు పెట్టారు. పేరు చూసి భయపడనక్కర్లేదు. ఒక కథల సంపుటికి ఇది కూర్చుని చేసుకోగల పనే, దానివల్ల తర్వాత తప్పే తలనొప్పులు లెక్కలేనన్ని.

ఇంతవరకు ఏ భాషవాళ్లకైనా ఒకటే. తెలుగు దగ్గరికి వచ్చేసరికి పని ఇంకా ఉంటుంది, నాకు బాగా నచ్చేదీ ఆ భాగమే.

అను ఫాంట్లలో కొట్టిన పాత పుస్తకాన్ని ఈ-బుక్ చేయాలంటే ముందు యూనికోడ్‌లోకి మార్చాలి. 1991లో వచ్చిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు ఉన్నా, మన అచ్చు ప్రపంచం చాలాకాలం పాత ఫాంట్లతోనే నడిచింది. ఆ ఫైళ్లలో లోపల ఉన్నవి ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. ఫాంటు ఉన్నంతసేపే తెలుగులా కనబడతాయి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గానీ, మార్చాక అక్షరం అక్షరం చదవాల్సిందే. వత్తులు జారిపోతాయి, దీర్ఘాలు పక్క అక్షరానికి అంటుకుంటాయి. అచ్చుకు ముందు ప్రూఫులు ఎంత శ్రద్ధగా దిద్దామో ఇక్కడా అంతే.

తర్వాత పొల్లు సంగతి. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసినప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది మధ్యలో ఉన్న ఒక కనబడని అక్షరం. అది లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది, ‘రాజ్‌కుమార్’ కాస్తా ‘రాజ్కుమార్’ అయిపోతాడు. ఫార్మాట్లు మార్చేటప్పుడు ఈ అక్షరం కొన్నిసార్లు మాయమవుతుంది. పాత్రల పేర్లు, ఇంగ్లిషు మాటలు ఒక కాగితం మీద రాసుకుని, మార్చిన ప్రతిసారీ వాటిని వెతికి చూసుకోవాలి. తెలుగు పాఠకుడి కన్ను ఇలాంటి చోట టక్కున ఆగుతుంది, కథలోంచి బయటపడుతుంది.

వరుసకూ వరుసకూ మధ్య జాగా కూడా మన అక్షరాలకు ఎక్కువ కావాలి. పైన గుడి, కింద వత్తు, వత్తు కింద ఇంకో వత్తు. ‘స్త్రీ’ని తీసుకోండి. వర్డ్‌లో లైన్ స్పేసింగ్ ‘ఎగ్జాక్ట్‌లీ’ అని పెట్టి ఇంగ్లిషుకు సరిపోయే అంకె ఇస్తే ఆ వత్తులు తెగిపోతాయి. ఒకటిన్నర రెట్లని ఇస్తే అక్షరం పెరిగినప్పుడు జాగా కూడా దానితో పాటు పెరుగుతుంది. ఐటాలిక్ జోలికి పోవద్దని నా సలహా. వాల్చిన తెలుగు అక్షరం కంటికి శ్రమ, మన అచ్చులో ఆ సంప్రదాయమూ బలంగా లేదు. ఉత్తరాన్నో కలనో వేరు చేసి చూపాలంటే రెండువైపులా కాస్త జాగా వదిలితే చాలు. రెండంచులూ సమంగా ఉండేలా జస్టిఫై చేయడం కూడా ఫోన్ తెర మీద తెలుగుకు నప్పదు. మన మాటలు పొడుగు. వరుసకు మూడే మాటలు పట్టినప్పుడు వాటి మధ్య గుంతలు పడతాయి. ఎడమ అంచు ఒక్కటి తిన్నగా ఉంచి వదిలేస్తేనే చదవడం హాయి.

ఫాంట్ల విషయంలో ఒకప్పటి కరువు ఇప్పుడు లేదు. దేశికాచారిగారి పోతన, వేమన ఫాంట్లు ఉచితంగా దొరికినప్పుడు అదే పెద్ద పండగ. ఆ తర్వాత సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, మల్లన్న, పెద్దన, గురజాడ లాంటివి ఎవరైనా వాడుకునే లైసెన్సుతో వచ్చాయి. గూగుల్ నోటో ఫాంట్లు ఉండనే ఉన్నాయి. లోపలి పాఠానికి పాఠకుడి ఫోన్‌లో ఉన్న ఫాంటే వదిలేసి, ఈ అందమైనవాటిని కవరు మీద వాడతాను నేను. కవరు అంగుళమంత బొమ్మగా కనబడినా పుస్తకం పేరు చదవగలగాలి.

కవుల బాధ వేరు. పాదం ఎక్కడ విరగాలో కవి నిర్ణయించాడు, ఫోన్ తన వెడల్పును బట్టి మళ్లీ విరుస్తుంది. ఏది కవి విరిచిందో ఏది ఫోన్ విరిచిందో తెలియకపోతే కవితకు అన్యాయం జరిగినట్టే. ప్రతి పాదాన్నీ వేరే పేరాగా పెట్టి ‘హ్యాంగింగ్’ ఇండెంట్ ఇస్తే, పొర్లిన ముక్క కాస్త లోపలికి జరిగి పడుతుంది. చూడగానే అది పాత పాదమే అని తెలుస్తుంది. ఇంత చిన్న పని చేయని కవితా సంపుటాలు చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

ఇక ఫైలు తయారుచేయడం అనుకున్నంత కష్టం కాదు. లిబ్రెఆఫీస్ 2018 నుంచి నేరుగా ఈపబ్‌లోకి ఇస్తుంది, గూగుల్ డాక్స్ కూడా ఇస్తుంది. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన కాలిబర్ ఉచితం. తయారైన ఫైలును అందులో తెరిచి పుస్తకం పేరు, రచయిత పేరు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. అక్కడే భాష అన్న గడి ఉంటుంది, అందులో తెలుగు అని తప్పక పెట్టండి. చూపు లేనివారి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు ఏ గొంతుతో చదవాలో దాన్ని చూసి తెలుసుకుంటాయి. అలాంటివారికీ చదువు అందేలా కాపీరైటు నిబంధనలు సడలించిన మర్రకేష్ ఒప్పందాన్ని 2014లో మొట్టమొదట ఆమోదించిన దేశం మనదే. బొమ్మగా స్కాన్ చేసిన పుస్తకం ఆ పాఠకులకు ఖాళీ కాగితం. యూనికోడ్‌లో ఉన్నది అయితే వినబడుతుంది.

ఆ గొంతునే నేను ప్రూఫులకు వాడుకుంటాను. ఫోన్‌కు కథ చదవమని చెప్పి, కళ్లు మూసుకుని వింటాను. కన్ను క్షమించి దాటేసిన తప్పులు చెవి పట్టుకుంటుంది. అచ్చు పుస్తకంలో అయితే ఇప్పుడు దొరికిన తప్పుకు ‘తప్పొప్పుల పట్టిక’ వేయాలి. ఇక్కడ దిద్దిన ఫైలు మళ్లీ ఎక్కిస్తే సరి.

అమ్మకం దగ్గర తెలుగుకు దారులు సన్నం. 2016 డిసెంబరులో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలైనప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం వచ్చాయి, తెలుగు రాలేదు. కాబట్టి ఎక్కడ పెట్టాలనుకున్నా ముందు వాళ్ల భాషల జాబితా చూసుకోవాలి. 2010లో హైదరాబాద్ నుంచి మొదలైన కినిగె ఈ-పుస్తకం కొని చదవడాన్ని మనవాళ్లకు పరిచయం చేసింది. గూగుల్ ప్లే బుక్స్ తెలుగు ఈపబ్‌ను తీసుకుంటుంది. ఐఎస్‌బీఎన్‌ను కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ రచయితలకు ఉచితంగా ఇస్తుంది. అచ్చు ప్రతికి ఒక నంబరు, ఈపబ్‌కు వేరే నంబరు తీసుకోవాలి. పన్ను సంగతి మాత్రం నాకు అన్యాయమనిపిస్తుంది. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. 2018 జులైలో అచ్చు రూపం కూడా ఉన్న ఈ-పుస్తకాలకు 18 శాతాన్ని 5కి తగ్గించారు. ఈ-పుస్తకంగానే పుట్టినదాన్ని ఆ తగ్గింపులో చేర్చలేదు. చెప్పే కథ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకో ఎవరైనా చెప్పాలి.

ఇది నేర్చుకున్నాక నా ఆలోచన నా పుస్తకాల దగ్గర ఆగలేదు. వెళ్లిపోయిన రచయితల ఇళ్లలో ఒక్కటంటే ఒక్క ప్రతి మిగిలిన సంపుటాలు ఎన్నో ఉన్నాయి. రచయిత పోయాక 60 ఏళ్లపాటు హక్కులు వారసులవే, అంటే ఎవరినీ అడగనక్కర్లేకుండా ఈ పని చేయగలిగింది ఆ పిల్లలూ మనవలే. పుటలు ఫోన్‌తో ఫొటోలు తీసి గూగుల్ డ్రైవ్‌లో డాక్‌గా తెరిస్తే తెలుగు అక్షరాలు చాలావరకు వచ్చేస్తాయి. ద, ధ, థ దగ్గరా, ప, ష దగ్గరా జాగ్రత్తగా చదివి దిద్దుకోవాలి. మిగతాదంతా పైన చెప్పిందే. మీ ఇంట్లో అలాంటి పుస్తకం ఉంటే, ముందు దాని లోపలి పేజీ చూసి మొదటి ముద్రణ ఏ సంవత్సరమో, అప్పటి ముఖచిత్రం ఎవరు వేశారో రాసి పెట్టుకోండి. ఈ-బుక్‌లో అవి కూడా వేయాలి.